భూమి బ్రోకరుకు పాఠం చెప్పేదెవరు?

పోయిన నెలలో బందరు దగ్గర ఒక ఊరి నుంచి ఒక రైతు మా సంఘం ఆఫీసుకు వచ్చారు. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్టాంపు కాగితం మీద రాసిన అగ్రిమెంటు ఉన్నాయి. అమ్మిన భూమి ఎకరం డెబ్బై సెంట్ల మాగాణి. బయానా కింద చేతికి వచ్చింది రెండు లక్షలు. మిగిలిన సొమ్ముకు గడువు పదకొండు నెలలు. ఈలోపు ఆ భూమిని ఆయన మరెవరికీ అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. కొన్నవారు మాత్రం తాము గానీ, తాము చెప్పినవారి పేరున గానీ రిజిస్టరు చేయించుకోవచ్చు. అంటే రెండు లక్షలతో భూమిని కట్టేసి, పదకొండు నెలలపాటు దానికి మరో బేరం వెతుక్కుంటారన్నమాట. బేరం దొరికితే లాభం వాళ్లది. దొరక్కపోతే సాకులు, వాయిదాలు రైతుకి.

ఆ బేరం కుదిర్చిన కుర్రాడు పక్క ఊరివాడే. రెండేళ్ల కిందటి వరకు సెల్‌ఫోన్ల కొట్లో పనిచేశాడు. పిలిపించి అడిగాం. దాపరికం లేకుండా చెప్పాడు. "నాకు ఇవన్నీ తెలియవండి. మా ఆఫీసులో ఇచ్చిన కాగితమే తెచ్చాను. రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. ఎలా మాట్లాడాలో, రైతు కాదన్నా మళ్లీ ఎలా వెళ్లాలో చెప్పారు. అగ్రిమెంటులో ఏముంటుందో చెప్పలేదు."

ఆ మాట విన్న దగ్గర నుంచి మేము ఆలోచిస్తున్నది ఒక్కటే. ఈ కుర్రాడికి పాఠం చెప్పినవాడెవడు? ఆ పాఠం చెప్పడానికి వాడికి అర్హత ఇచ్చిందెవరు?

మన దిగువ డెల్టాలో ఈ ప్రశ్న ఎందుకు పెద్దదో మీకు తెలియనిది కాదు. బందరు పోర్టుకు 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. రాయి వేసిన ప్రతిసారీ కరగ్రహారం, మంగినపూడి వైపు కార్లు తిరిగాయి. 2015లో పోర్టుకు, పారిశ్రామిక కారిడార్‌కు దాదాపు 30 వేల ఎకరాలంటూ నోటిఫికేషన్ వచ్చినప్పుడు రైతులు రోడ్డెక్కి పోరాడారు. ఆ భయంలో భూమి తెగనమ్ముకున్నవారు ఉన్నారు, ఆ ఆశలో కొని ఇరుక్కున్నవారూ ఉన్నారు. గుడివాడ చుట్టూ వరిచేలు ఒకవైపు చేపల చెరువులవుతుంటే, మరోవైపు రంగు జెండాలు పాతిన ప్లాట్లవుతున్నాయి. దివిసీమలో ఉప్పునీటితో, చివరి భూములకు అందని కాలువ నీటితో విసిగిపోయిన రైతు దగ్గరకు బ్రోకరు వచ్చి కూర్చుంటే, ఆయన మాట తియ్యగానే ఉంటుంది.

చిన్న లెక్క చూద్దాం. కారు నేర్పే డ్రైవింగ్ స్కూలు పెట్టాలంటే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం నేర్పే మాస్టారు పదో తరగతి పాసై ఉండాలి, ఐదేళ్లు బండి నడిపిన అనుభవం ఉండాలి, మెకానిక్ కోర్సు సర్టిఫికెట్ ఉండాలి. నడిపేవాడికి లైసెన్సు కావాలన్నది అందరికీ తెలుసు. నేర్పేవాడికి కూడా అర్హత కావాలని చట్టం ఎప్పుడో చెప్పింది.

మన ఎరువులు, పురుగుమందుల కొట్టు సంగతి చూడండి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో డీలర్ల కోసం ఒక డిప్లొమా మొదలుపెట్టింది. కొట్లవాళ్లు దాన్ని 'దేశీ కోర్సు' అంటారు. 48 వారాలపాటు వారానికో రోజు తరగతి, మధ్యలో పొలాల సందర్శన. ఆ తరగతులు నడిపేది వ్యవసాయ శాస్త్రం చదివి, వ్యవసాయ శాఖలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు. ఆ కోర్సు చేసిన డీలరు మనకు తప్పు మందు అంటగట్టడని మేము అనడం లేదు. కానీ ఆ మందు దేనికి పనికొస్తుందో తనకు తెలియదని మాత్రం ఇక చెప్పలేడు.

కొన్ని వందల రూపాయల మందు డబ్బా అమ్మేవాడికి ఏడాది చదువు ఉంది. తాతల నాటి ఎకరాన్ని అమ్మించేవాడికి మాత్రం ఏ చదువూ అక్కర్లేదు.

మరి రెరా చట్టం లేదా అని అడుగుతారు. ఉంది. 2016లో పార్లమెంటు చేసింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం రియల్ ఎస్టేట్ ఏజెంటు రెరా దగ్గర రిజిస్టరు చేసుకోవాలి. రిజిస్టరు కాని వెంచరులో ప్లాట్లు అమ్మించకూడదు. లెక్కలు రాసి పెట్టాలి. అబద్ధపు ప్రచారం చేయకూడదు. రిజిస్ట్రేషన్ లేకుండా పనిచేస్తే రోజుకు 10 వేల రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడుతుంది. మంచిదే. కానీ ఏజెంటు ఏం చదివి ఉండాలి, ఏ పరీక్ష పాసవ్వాలి అన్నదాని గురించి ఆ చట్టంలో ఒక్క మాట లేదు. అర్జీ, ఫోటో, పాన్ కార్డు, చిరునామా, ఫీజు. అంతే.

ఇంతకంటే పెద్ద లోటు ఇంకోటి ఉంది. రైతులు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రెరా దృష్టిలో ఏజెంటు అంటే ఒక రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులోని ప్లాటునో, ఫ్లాటునో, బిల్డింగునో అమ్మించేవాడు. పొలం పొలంగా ఉన్నంతకాలం ఆ లెక్కలోకి రాదు. అంటే ఆ వెంచరులో ప్లాటు కొనే బెజవాడ ఉద్యోగికి ఎంతో కొంత రక్షణ ఉంది. ఆ ప్లాటు ఏ పొలం మీద వేశారో ఆ పొలం అమ్మిన రైతుకు లేదు. మొదటి బేరానికి చట్టం లేదు, రెండో బేరానికి ఉంది. దానికి తోడు 500 చదరపు మీటర్లు మించని స్థలంలో వేసే ప్రాజెక్టును రిజిస్టరు చేయక్కర్లేదు. అంటే 598 గజాలు, మన లెక్కలో 12 సెంట్ల పైచిలుకు. రోడ్డు వారన ముక్కలు చేసి అమ్మేవాళ్లు ఈ సందులో నుంచే దూరుతున్నారు.

మహారాష్ట్ర ఒక అడుగు ముందుకేసింది. అక్కడి రెరా సంస్థ 2023 జనవరిలో ఒక ఆదేశం ఇచ్చింది. ఏజెంట్లు శిక్షణ తీసుకుని, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2024 జనవరి 1 నుంచి అది లేనిదే పనిచేయకూడదన్నారు. ఈ పద్ధతి మన రాష్ట్రానికీ రావాలని మేము కోరుతున్నాం. అయితే అక్కడ శిక్షణ ఇచ్చేవాటిలో ఆ వ్యాపారం చేసేవారి సంఘాలు కూడా ఉన్నాయి. మన దగ్గర అదే జరిగితే ఏమవుతుందో ముందే ఆలోచించాలి.

అమెరికాలో ఈ పని ఎప్పటి నుంచో నడుస్తోంది. డాలస్‌లో ఉన్న మన పిల్లల్ని అడగండి. టెక్సాస్‌లో ఇల్లు, స్థలం అమ్మించే లైసెన్సు కావాలంటే 180 గంటల తరగతులకు కూర్చోవాలి, ఆ తర్వాత పరీక్ష రాయాలి. నార్త్ కరొలినాలో 75 గంటలు. అక్కడ పాఠం చెప్పేవారికి కూడా ప్రభుత్వ కమిషన్ ఆమోదం ఉండాలి. కొత్తగా బోధించబోయేవారు ముందు తామే ఒక సెమినార్‌కు కూర్చోవాలి. అమెరికా అంతా ధర్మరాజుల దేశమని మేము చెప్పడం లేదు. భూముల మీద, ఇళ్ల మీద జూదమాడి 2008లో ప్రపంచాన్ని ముంచింది అక్కడివాళ్లే. కానీ మాస్టారి అర్హత చూడకుండా విద్యార్థికి సర్టిఫికెట్ ఇవ్వడం అర్థం లేని పని అన్న సంగతి మాత్రం వాళ్లు పట్టుకున్నారు.

ఎందుకంటే చెడ్డ పాఠం కన్నా పాఠం లేకపోవడమే నయం. ఇవాళ బ్రోకరు వస్తే రైతు అనుమానంగా చూస్తాడు. రేపు అదే బ్రోకరు ప్రభుత్వ ముద్ర ఉన్న సర్టిఫికెట్ మెడలో వేసుకుని వస్తే నమ్ముతాడు. ఆ సర్టిఫికెట్ వెనక ఉన్నది ప్లాట్ల కంపెనీ మేనేజరు రెండు రోజులు చెప్పిన అమ్మకపు కబుర్లే అయితే, ఆ ముద్ర రైతు గొంతుకు ఉరి అవుతుంది. అందుకే శిక్షణ కావాలని అడిగే ముందే శిక్షకుడి సంగతి తేల్చమని అడుగుతున్నాం.

మన డెల్టాలో భూమి బేరం చేసేవాడికి ఏం తెలిసి ఉండాలో మేము చెబుతాం. ఏ పుస్తకంలోనూ చూసి రాయడం లేదు. ఆఫీసుకు వస్తున్న కాగితాల్లో కనబడుతున్నవే ఇవి.

మొదటిది నీరు. బందరు కాలువ కింద గానీ, ఇంకే కాలువ కింద గానీ ఒక పొలం ఎత్తు చేసి ప్లాట్లు వేస్తే పక్క పొలానికి వెళ్లే బోదె మూసుకుపోతుంది. వాన వస్తే మురుగు వెనక్కి తంతుంది. అమ్మిన ఒక్క రైతు బేరం, అమ్మని పదిమంది రైతుల పంట మీదకు వస్తుంది. బోదె ఎవరిది, డ్రెయిన్ గట్టు ఎవరిది, దాని హద్దు ఎంత అన్నది బ్రోకరుకు తెలియాలి.

రెండోది అసైన్డ్ భూమి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి కొనడం, అమ్మడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. 2023లో 20 ఏళ్లు దాటినవాటికి హక్కులిస్తూ సవరణ తెచ్చారు. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చాక ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. ఈ మధ్యకాలంలో ఎంతమంది పేదలు బ్రోకరు మాట నమ్మి చిన్న మొత్తాలకు సంతకాలు పెట్టారో వాళ్ల ఇళ్లకు వెళ్తే తెలుస్తుంది. 22-ఏ జాబితా అంటే ఏమిటో తెలియని బ్రోకరు భూమి జోలికే రాకూడదు.

మూడోది కౌలు రైతు. మన దగ్గర చేలో దిగేది ఎక్కువగా కౌలు రైతే. 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రానికి గడువు 11 నెలలు. చేలో పంట ఉండగానే యజమాని అమ్మేస్తే ఆ పంట ఎవరిది, ముందే ఇచ్చిన మక్తా ఏమవుతుంది? బేరం మాట్లాడేటప్పుడు ఈ మనిషిని ఎవరూ పిలవరు.

నాలుగోది పన్ను. పొలం అమ్మితే పన్ను లేదని బ్రోకర్లందరూ చెబుతారు. అది సగం నిజం. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న పట్టణం హద్దు నుంచి 6 కిలోమీటర్ల లోపు పొలం పన్ను పరిధిలోకి వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో బందరు జనాభా లక్షా 69 వేలు దాటింది, గుడివాడ లక్షా 18 వేలు దాటింది. అంటే ఈ రెండు ఊళ్ల చుట్టూ ఉన్న పొలాలకు ఇది తగులుతుంది. స్వయంగా సాగు చేసుకుంటున్న రైతు ఆ లాభంతో రెండేళ్లలోపు మళ్లీ వ్యవసాయ భూమి కొంటే మినహాయింపు ఉంది. ఇది ముందే తెలిస్తే రైతు జాగ్రత్త పడతాడు. నోటీసు వచ్చాక తెలిస్తే అమ్మిన డబ్బులో కొంత మళ్లీ అమ్ముకున్నట్టే.

ఐదోది కాగితం. అగ్రిమెంటుకూ సేల్ డీడుకూ తేడా, స్వాధీనం ఇస్తూ రాసే అగ్రిమెంటు ఎంత ప్రమాదమో, జీపీఏ ఇస్తే ఏమవుతుందో చెప్పగలగాలి. జీపీఏ మీద అమ్మకంతో హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. అయినా మన ఊళ్లలో ఇప్పటికీ జీపీఏల మీద భూములు చేతులు మారుతున్నాయి.

ఈ ఐదూ బ్రోకరుకు తెలియాలంటే ముందు చెప్పేవాడికి తెలియాలి. కాబట్టి మన రాష్ట్ర ప్రభుత్వాన్ని, రెరా సంస్థను మేము అడుగుతున్నవి ఇవి.

ఒకటి, పొలాలు కొనిపించే, అమ్మించే బ్రోకర్లందరినీ రిజిస్ట్రేషన్ కిందకు తేవాలి. ప్లాట్ల బ్రోకర్లతో ఆపకూడదు. కేంద్ర చట్టం మార్చాల్సి వస్తే అందుకు రాష్ట్రం అడగాలి.

రెండు, శిక్షణ పెట్టే ముందు శిక్షకులకు పరీక్ష పెట్టాలి. పాసైనవారి పేర్లు అందరికీ కనబడేలా ప్రకటించాలి.

మూడు, రెవెన్యూ, సర్వే, రిజిస్ట్రేషన్, ఇరిగేషన్ శాఖల్లో గానీ, భూమి కేసులు నడిపిన న్యాయవాదిగా గానీ కనీసం పదేళ్ల అనుభవం ఉన్నవారినే తీసుకోవాలి. డిగ్రీ కాగితం ఒక్కటే చూస్తే చాలదు. సరిహద్దు రాయి ఎక్కడుందో చూసినవాడై ఉండాలి.

నాలుగు, ఏ ప్లాట్ల కంపెనీలోనైనా జీతం, కమీషను, వాటా ఉన్నవారు పాఠం చెప్పకూడదు. దొంగ చేతికి తాళం ఇచ్చి ఇల్లు కాయమన్నట్టు ఉండకూడదు.

ఐదు, శిక్షణలో కనీసం ఒక రోజు పొలం మీద జరగాలి. ఆ రోజు ఒక రైతును, ఒక కౌలు రైతును పిలిచి మాట్లాడించాలి. బోదె ఎటు పారుతుందో వాళ్లే చూపించాలి.

ఆరు, తరగతులు, పరీక్ష తెలుగులో ఉండాలి. ఫీజు తక్కువగా ఉండాలి. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లోనే పెట్టాలి. బెజవాడ హోటళ్లలో కాదు.

ఏడు, శిక్షకుడి సర్టిఫికెట్ మూడేళ్లకోసారి తిరిగి పరీక్షించి ఇవ్వాలి. తప్పు పాఠం చెప్పినట్టు తేలితే రద్దు చేయాలి.

ఆరో డిమాండ్ గురించి ఒక మాట. బ్రోకర్లందరూ మనకు శత్రువులు కారు. వాళ్లలో చాలామంది మన పిల్లలే. వ్యవసాయంలో మిగలక, ఉద్యోగం దొరక్క, బండి మీద తిరిగి బేరాలు కుదుర్చుకుంటున్నవాళ్లు. శిక్షణ పేరుతో యాభై వేలు ఫీజు పెట్టి, ఇంగ్లీషులో పరీక్ష పెడితే వాళ్లు బయటకు పోయి, పెద్ద కంపెనీలే మిగులుతాయి. అది మేము కోరుకునేది కాదు. ఊళ్లో మనకు ముఖం చూపించాల్సిన కుర్రాడికి అసలు విషయం తెలిస్తే అది రైతుకూ మేలే.

చదువుకున్నవాడు మోసం చేయడా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. చేస్తాడు. చదువుతో మనసు మారుతుందని మేము అనుకోవడం లేదు. కానీ ఇవాళ రైతు మునిగాక బ్రోకరును పట్టుకుంటే "నాకు తెలియదు" అంటాడు. కంపెనీని పట్టుకుంటే "బ్రోకరు చెప్పలేదు" అంటుంది. నేర్చుకుని, పరీక్ష రాసి, సంతకం పెట్టినవాడు ఆ మాట అనలేడు. నేర్పినవాడి పేరు కూడా కాగితం మీద ఉంటుంది కాబట్టి వాడూ తప్పించుకోలేడు. రైతుకు కోర్టులో పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. మేము అడుగుతున్నది అంతవరకే.

ఇవన్నీ ఒక్క రోజులో రావు. అప్పటిదాకా రైతులు చేయగలిగినవి ఉన్నాయి. బ్రోకరు ఇంటికి వస్తే రెరా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. కొనేది ఎవరో, డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తుందో అడగండి. మీ అడంగల్, 1-బి, ఈసీ మీరే ముందు తీసి చూసుకోండి. "తాము చెప్పినవారి పేరున" అన్న మాట అగ్రిమెంటులో ఉంటే ఆగండి. బయానా ఎంత, గడువు ఎంత, గడువు దాటితే ఏమిటి అన్న మూడూ స్పష్టంగా రాయించుకోండి. జీపీఏ ఇవ్వకండి. చేలో కౌలు రైతు ఉంటే ఆయన్ని కూర్చోబెట్టుకునే మాట్లాడండి. అన్నింటికంటే ముఖ్యం, అదే రోజు సంతకం పెట్టమని తొందర పెడితే పెట్టకండి. మంచి బేరమైతే వారం రోజుల్లో ఎక్కడికీ పోదు.

మొదట్లో చెప్పిన రైతు వ్యవహారం ఇంకా తేలలేదు. గడువు ముగియడానికి ఇంకా నెలలున్నాయి. న్యాయవాదితో నోటీసు ఇప్పించాం. ఆ కుర్రాడు మాత్రం మా ఆఫీసుకు రెండుసార్లు వచ్చి అగ్రిమెంటును వరసవరసా చదివించుకుని వెళ్లాడు. ఈ పని ప్రభుత్వం పెట్టిన మాస్టారు చేయాల్సింది, మేము చేస్తున్నాం.

వచ్చే నెల నుంచి మండలాల వారీగా సంతకాలు సేకరించి ఈ ఏడు డిమాండ్లతో కలెక్టరు ద్వారా రెరా సంస్థకు వినతిపత్రం ఇస్తాం. మీ ఊళ్లో ఇలాంటి అగ్రిమెంట్లు ఉంటే నకలు తీసుకుని సంఘం ఆఫీసుకు రండి. సంతకం పెట్టిన తర్వాత వచ్చినా చూస్తాం. పెట్టకముందే వస్తే ఇంకా మేలు.